ఎవరి చేతులివి?

పియానిస్టు ఒక్కడే వేదిక మీదికి వచ్చి, సభకు వంగి నమస్కరించి, రెండు గంటలు ఎవరి తోడూ లేకుండా వాయించి వెళ్లిపోవడం పాశ్చాత్య సంగీతంలో అనాదిగా ఉన్న ఆచారమని చాలామంది అనుకుంటారు. కాదు, అది ఒక మనిషి పెట్టిన అలవాటు. ఆ మనిషి ఫ్రాంజ్ లిస్ట్. అంతకు ముందు పియానిస్టు పేరు మీద కచేరీ జరిగినా మధ్యలో ఒక గాయని వచ్చి పాడేది, ఒక వయొలిన్ విద్వాంసుడు తన వంతు వాయించేవాడు, డబ్బుంటే ఆర్కెస్ట్రా కూడా ఉండేది. 1839లో రోమ్‌లో లిస్ట్ వీళ్లందరినీ తప్పించి, కార్యక్రమమంతా తానే నడిపాడు. ఆ ముచ్చట బెల్జియోయోసో యువరాణికి ఉత్తరంలో రాస్తూ, రాజ్యమంటే నేనే అన్నాడని పద్నాలుగో లూయీ గురించి చెప్పుకునే మాటను తిప్పి, కచేరీ అంటే నేనే అని కొంటెగా అన్నాడు. మరుసటి ఏడు జూన్‌లో లండన్‌లోని హానోవర్ స్క్వేర్ రూమ్స్‌లో ఈ పద్ధతికి రిసైటల్ అనే పేరు కూడా పెట్టారు. సభకు పక్కవాటంగా కూర్చోవడం మాత్రం లిస్ట్ కంటే ముందే దుసెక్ అనే ఆయన మొదలుపెట్టాడంటారు. పక్కనుంచి చూస్తే తన ముఖం బాగుంటుందని ఆయన నమ్మకమట.

1842లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో లిస్ట్ వాయించిన సభను, అప్పటికింకా కుర్రవాడైన రష్యన్ విమర్శకుడు స్తాసొవ్ తరవాతి కాలంలో వర్ణించి పెట్టాడు. పెద్ద హాలు నడుమ చిన్న వేదిక. దాని మీద ఎదురెదురు దిక్కులకు తిప్పిన రెండు పియానోలు. రెండోది ఎవరికోసమో అనుకుంటాం, ఎవరికోసమూ కాదు. ఒక రచన ఇటు కూర్చుని, మరొకటి అటు కూర్చుని, రెండిటి మీదా లిస్టే వాయించాడు. హాలులో ఏ పక్కన కూర్చున్నవాళ్లకూ తన దర్శనం తప్పకూడదన్నట్టుగా. రెండు పియానోలుండి ఒక్క మనిషే ఉన్న ఆ వేదికను తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. కాసేపయ్యాక కొంచెం జాలి కూడా వేస్తుంది.

మన కచేరీలో ఇలాంటి ఒంటరితనానికి చోటు లేదు. ఎంతటి విద్వాంసుడైనా పక్కన వయొలిన్, మృదంగం ఉండాల్సిందే. వెనక తంబూరా ఎలాగూ ఉంటుంది. రాగం పాడేటప్పుడు గాయకుడు వేసిన సంగతిని వయొలిన్ ఒక్క క్షణం వెనకగా అందుకుని తిరిగి చెబుతుంది. తన మాట ఒకరికి అందిందన్న రసీదు గాయకుడికి అక్కడికక్కడే ముడుతుంది. సభలోనూ అంతే, నచ్చితే ఆహా అనవచ్చు, తల ఊపవచ్చు, తొడ మీద తాళం వేసుకోవచ్చు. ఒంటరి పియానో సభలో దగ్గు వచ్చినా ఆపుకోవాలి. చప్పట్లు వస్తాయి, దండిగానే వస్తాయి, కాని వాయించడం అయిపోయాకే వస్తాయి. వాయిస్తున్నంత సేపూ ఆ మనిషికి జవాబిచ్చేవాళ్లు లేరు.

మార్తా ఆర్గెరిచ్‌కు ఇది పడలేదు. 1941లో బ్వేనోస్ ఐరిస్‌లో పుట్టి, 1965లో వార్సాలో షోపాన్ పోటీ గెలిచిన మనిషి ఆమె. ఆ చేతుల వేగం తక్కిన పియానిస్టులకే ఆశ్చర్యం. అయినా 1980ల తొలినాళ్ల నుంచి పూర్తి సోలో కచేరీలను దాదాపు మానేశారు. చేతులు మొరాయించి కాదు. వేదిక మీద ఒక్కతే కూర్చుంటే ఒంటరిగా అనిపిస్తుందని ఆమే చెప్పారు. ఆర్కెస్ట్రాతో వాయిస్తారు, వయొలిన్‌తో, చెల్లోతో వాయిస్తారు, మరో పియానిస్టును ఎదురుగానో పక్కనో కూర్చోబెట్టుకుని వాయిస్తారు. ఒక్కతే మాత్రం ఎప్పుడో గాని కూర్చోరు.

సోవియట్ పియానిస్టు స్వ్యాతొస్లావ్ రిక్టర్ సోలో మానలేదు, దీపాలు మానేశాడు. 1980 ప్రాంతం నుంచి హాలంతా చీకటి చేయించి, ఎదుట స్వరాల పుస్తకం పెట్టుకుని, దాని మీద మాత్రం పడేలా ఒక చిన్న దీపం పెట్టించుకునేవాడు. జనం తన వేళ్లనూ ముఖాన్నీ చూస్తూ కూర్చోకుండా సంగీతం వినాలని ఆయన పట్టు. పుస్తకం చూడకుండా వాయించడమనే ఆనవాయితీ కూడా లిస్ట్, క్లారా షూమన్‌ల కాలంలో పడిందే. 1837లో బెర్లిన్‌లో క్లారా పుస్తకం లేకుండా వాయిస్తే అది పొగరని కొందరు గొణుక్కున్నారు. తరవాత అదే పరువైపోయింది. రిక్టర్ ఆ పరువునూ పక్కన పెట్టాడు. ఇక కెనడాకు చెందిన గ్లెన్ గూల్డ్ అయితే 1964లో, 31 ఏళ్ల వయసులో, లాస్ ఏంజెలెస్ కచేరీతో సభలకే స్వస్తి చెప్పి రికార్డింగ్ స్టూడియోలో చేరాడు.

లిస్ట్ కట్టిన ఇంట్లోనే ముగ్గురికీ ఊపిరాడలేదు. ఒకరు చీకటిలోకి, ఒకరు స్టూడియోలోకి పోతే, ఆర్గెరిచ్ మనుషుల్లోకి పోయారు. నా ఓటు ఆమెకే.

అలాగని తోడు దొరికితే పని తేలికవుతుందని కాదు. రెండు పియానోలను కలపడం రెండు గొంతులను కలపడం కంటే కష్టం. మన హైదరాబాద్ బ్రదర్స్ లాంటి జంట పాడుతుంటే ఒక గొంతు మరో గొంతులోకి జారుకోవడానికి సందు ఉంటుంది. స్వరం మొదలయ్యాక దాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు, శ్రుతి సవరించుకోవచ్చు. పియానోలో ఆ వీలు లేదు. మీట నొక్కగానే ఫెల్ట్ తొడిగిన చిన్న సుత్తి తీగను కొట్టి వెనక్కి వచ్చేస్తుంది. ఆ క్షణం నుంచే నాదం చావడం మొదలుపెడుతుంది. శ్రుతి సంగతి ట్యూనర్ కచేరీకి ముందే చూసి వెళ్లిపోయాడు. ఇద్దరి మధ్య మిగిలేవి ఎప్పుడు కొట్టాలన్నదీ, ఎంత బరువుతో కొట్టాలన్నదీ. బరువులో కొంచెం తేడా వస్తే వినేవాళ్లు అందమనుకోవచ్చు. కాలంలో తేడా వస్తే పిల్లలకు కూడా తెలిసిపోతుంది. ఒక సుత్తి ముందూ ఒక సుత్తి వెనకా పడి, ఒక్క స్వరం రెండుగా చిట్లుతుంది.

ఏర్పాటు కూడా వీళ్లకు అనుకూలమైంది కాదు. పెద్ద కచేరీ పియానో ఒక్కొక్కటి 274 సెంటీమీటర్ల పొడవు, 500 కిలోలకు దగ్గర్లో బరువు. లోపలి ఇనుప చట్రం దాదాపు 20 టన్నుల తీగల లాగుడును మోస్తూ ఉంటుంది. అలాంటి రెండిటిని వంపులో వంపు ఇమిడేలా ఎదురెదురుగా పెడతారు. నాదం సభవైపు పోవడానికి రెండో పియానో మూత ఊడదీస్తారు. ఇద్దరి నడుమ పది అడుగులకు పైనే దూరం. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది గనక, అవతలివాళ్లు కొట్టిన స్వరం ఇవతలి చెవిని చేరేసరికి సెకనులో దాదాపు వందో వంతు గడిచిపోతుంది. విన్నాక కలుద్దామంటే కుదరదు, వినకముందే తెలియాలి. అవతలి చేతులు చూద్దామా అంటే కనబడవు. కనబడేది ముఖం, భుజాలు. అందుకే మొదలుపెట్టే ముందు ఒకరు తల కాస్త ఎత్తి ఊపిరి పీల్చుకుంటారు. రెండోవారు ఆ ఊపిరిని పట్టుకుంటారు. ఏ తాళమూ వేయరు, ఏ సైగా చేయరు, చాలాసార్లు ఆ ఊపిరే ఎత్తుగడ.

ఈ విద్యకు గీటురాయి అనదగ్గది మోజార్ట్ 1781లో రాసిన డి మేజర్ సొనాటా, కె. 448. వియన్నాలో తన శిష్యురాలు జోసెఫా ఔవర్న్‌హామర్‌తో కలిసి వాయించడానికి రాశాడు, ఆ నవంబరులోనే ఇద్దరూ వాయించారు. ఆ అమ్మాయికి మోజార్ట్ మీద మనసుండేది. అతనికి లేదు. తండ్రికి రాసిన ఉత్తరాల్లో ఆమె వాయింపును మెచ్చుకుంటూనే, ఆమె రూపాన్ని ఎంత మోటుగా వెక్కిరించాడో చదివితే మనకే సిగ్గేస్తుంది. కాని సొనాటాకు వచ్చేసరికి ఆ మోజార్ట్ ఎక్కడా లేడు. రెండు పియానోలూ ఒకే గొంతుతో, ఒకే స్వరాలతో ఎత్తుకుంటాయి. తరవాత ఒకరు అన్నది మరొకరు అందుకుంటారు, కొంచెం మార్చి తిరిగిస్తారు. గురువుకు ఎక్కువ, శిష్యురాలికి తక్కువ అన్న లెక్క కనబడదు. కష్టమైన పరుగులు ఆమెకూ సమంగానే ఇచ్చాడు. ఉత్తరంలో చూపని మర్యాద స్వరాల్లో చూపించాడు. మనిషిలో ఏ భాగం నిజమైనదో నాకు తెలియదు గాని, మిగిలింది మాత్రం ఇదే.

మోజార్ట్ వింటే పిల్లల తెలివి పెరుగుతుందని మన ఊళ్లలో కూడా కొన్నాళ్లు సీడీలు అమ్మారు గదా, ఆ గోల అంతా మొదలైంది ఈ సొనాటాతోనే. 1993లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక చిన్న పరిశోధన దానికి మూలం. అందులో విన్నది పిల్లలు కాదు, కాలేజీ విద్యార్థులు. కనిపించిన ప్రభావం కూడా పావుగంట దాటి నిలవలేదు. రెండు పియానోలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం వినడానికి ఆ పాటి లాభం కూడా చూపించాలా అని నాకు చిరాకు.

రెండు పియానోల వైభవం ఎంత ఉన్నా, ఒక్క పియానో ముందు ఇద్దరు కూర్చునే పద్ధతే నాకు ఎక్కువ ఇష్టం. అది ఇరుకు వంటింట్లో ఇద్దరు కలిసి వంట చేయడం లాంటిది. మోచేతులు తగులుతాయి, ఒకరు చేయి తీస్తేనే మరొకరికి చోటు. 88 మీటల్లో పైభాగం ఒకరిది, దానికి ప్రీమో అని పేరు. కింది భాగం మరొకరిది, సెకండో. పెడల్ మాత్రం ఒక్కరి కాలి కిందే ఉండాలి, సాధారణంగా సెకండో వాయించేవాళ్లే తొక్కుతారు. ఈ చిన్న సంగతి మీద ఆలోచిస్తే చాలా దూరం పోవచ్చు. నా వేళ్లు మీట మీద నుంచి లేచిపోయాక కూడా నా స్వరం నిలబడాలా, ఆగిపోవాలా అన్నది పక్కవాళ్ల కాలు నిర్ణయిస్తుంది. లిస్ట్ ఒప్పుకునేవాడా అని సందేహం. ఇక్కడ చేతులు కనబడతాయి, ముఖం కనబడదు. రెండు పియానోల దగ్గర ఉన్నదానికి ఇది సరిగ్గా తిరగేసిన సంగతి.

ఈ పద్ధతిలో షూబర్ట్ ఎఫ్ మైనర్ ఫాంటసీని మించింది నేను వినలేదు. 1828 తొలి నెలల్లో రాశాడు, ఆ నవంబరులో 31 ఏళ్లకే పోయాడు. కింద సెకండో సన్నగా గొణుగుతున్నట్టు కదులుతుంటే, పైన ప్రీమో ఒక చిన్న కుంటి నడక రాగాన్ని ఎత్తుకుంటుంది. ఏమీ పెద్దగా జరగదు. మళ్లీ అదే, మళ్లీ అదే, ఒక చోట మాత్రం హఠాత్తుగా మేజర్‌లోకి తిరిగి వెలుగొస్తుంది, నిలవదు. దీన్ని తన శిష్యురాలు కరోలిన్ ఎస్టర్‌హాజీకి అంకితమిచ్చాడు. ఇద్దరి చేతులూ దగ్గరయ్యేలా కావాలనే రాశాడని ప్రేమకథలు అల్లేవాళ్లు చాలామంది ఉన్నారు. ఉంటే ఉండనీ. షూబర్ట్ దీన్ని ఆ వసంతంలో వాయించింది మాత్రం స్నేహితుడు ఫ్రాంజ్ లాఖ్నర్‌తో కలిసి.

నాలుగు చేతుల వాయింపు అసలు సభల కోసం పుట్టింది కాదు. గ్రామఫోన్ రాక ముందు యూరప్ మధ్యతరగతి ఇళ్లలో సింఫనీ వినాలనిపిస్తే నాలుగు చేతులకు కుదించిన పుస్తకం కొనుక్కుని ఇంట్లోనే వాయించుకునేవాళ్లు. అక్కాచెల్లెళ్లు, అన్నాచెల్లెళ్లు, కాబోయే వియ్యాలవారి పిల్లలు. 1912లో పారిస్ దగ్గర ఒక మిత్రుడి ఇంట్లో స్ట్రావిన్‌స్కీ తన ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ నాలుగు చేతుల ప్రతిని తెచ్చి పియానో మీద పెడితే, పక్కన కూర్చుని చూడగానే వాయించిన మనిషి డెబుస్సీ. మరుసటి ఏడు మే నెలలో థియేటర్లో గొడవ రేపిన ఆ సంగీతాన్ని సభకు రాక ముందే వేళ్లతో తడిమి చూసినవాడు ఆయన.

ఈ జంటలన్నిటిలో నన్ను వదలని జంట వార్సాది. జర్మన్ ఆక్రమణ కాలంలో పోలిష్ కళాకారులకు మామూలు కచేరీ సభలు మూతపడ్డాయి. కాఫీ హోటళ్లలో వాయించుకోనిచ్చారు. ఇద్దరు యువ స్వరకర్తలు, విటొల్డ్ లుతొస్లావ్‌స్కీ, ఆంద్రెయ్ పానుఫ్నిక్, ఆ హోటళ్లలో జంటగా వాయించి పొట్టపోసుకున్నారు. బాఖ్ నుంచి రవెల్ దాకా రెండు పియానోలకు అనువుగా వాళ్లు తిరగరాసుకున్నవి దాదాపు 200. 1944 వార్సా తిరుగుబాటులో నగరం తగలబడినప్పుడు ఆ కాగితాలూ పోయాయి. మిగిలింది ఒక్కటి, లుతొస్లావ్‌స్కీ 1941లో రాసిన పాగనీని వేరియేషన్స్. అయిదారు నిమిషాల ముక్క. ఇవాళ ప్రపంచంలో పియానో జంటలన్నీ దాన్ని చివర్లో చప్పట్ల కోసం వాయిస్తాయి. బయట సైనికుల బూట్లు నడిచే వీధిలో, కప్పుల చప్పుడు మధ్య, రేపు దొరుకుతుందో లేదో తెలియని జీతం కోసం వాయించిన సరదా అది. దానిలో ఏడుపు ఒక్క చుక్క లేదు. అదే నన్ను ఆశ్చర్యపరుస్తుంది. ఒక్కడే ఉంటే అంత సరదా రాసుకోగలిగేవాడా?

నాకు పియానో వాయించడం రాదు, వినడమే. చాలాకాలంగా రాడు లూపు, మరే పెరాయా కలిసి 1984లో చేసిన రికార్డు దగ్గరికి మళ్లీ మళ్లీ పోతుంటాను. మోజార్ట్ సొనాటా, షూబర్ట్ ఫాంటసీ రెండూ అందులోనే ఉన్నాయి. ఇద్దరివీ విడివిడి సోలో రికార్డులు నాకు బాగా తెలుసు. లూపు స్వరం మెత్తగా, లోపలి నుంచి వచ్చినట్టుంటుంది. పెరాయా స్వరం తేటగా, వెలుగులో పెట్టినట్టుంటుంది. కళ్లు మూసుకుని ఇద్దరినీ విడదీయగలనని ధీమా. మోజార్ట్ రెండో భాగం ఆండాంటే వచ్చేసరికి ఆ ధీమా పోతుంది. ఒకరు వేసిన ప్రశ్నకు జవాబు అదే మెత్తదనంతో, అదే తేటతనంతో వస్తుంది. వయొలిన్‌తో పియానో వాయిస్తే నాదాలు వేరు గనక ఎవరి తప్పు వారిది, ఎవరి మెప్పు వారిది. ఇక్కడ వాయిద్యమూ ఒకటే, స్వరాలూ దాదాపు అవే. దాక్కోవడానికి తెర లేదు, నేనిదిగో అని చూపించుకోవడానికి జెండా కూడా లేదు. రిక్టర్ దీపాలార్పి సాధించాలనుకున్నది వీళ్లు నిండు వెలుగులో సాధించారని నాకనిపిస్తుంది.

తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వెంకట శాస్త్రి ఊరూరా అవధానాలు చేస్తూ, రాసినదంతా తిరుపతి వెంకట కవుల పేరనే వెలువరించారు. ఏ పద్యం ఎవరిదని పందెం కాసే పండితులకు పని పెట్టారు. 1920లో తిరుపతి శాస్త్రి పోయారు. వెంకట శాస్త్రి ఆ తరవాత దాదాపు 30 ఏళ్లు బతికి, ఒక్కరే రాసినవాటినీ ఆ జంట పేరు కిందే వేశారు. సాహిత్యంలో ఇంత పెద్ద మనసు చూపినవాళ్లు తక్కువ. పిల్లికి బిచ్చం పెట్టని కవులున్న లోకంలో పోయిన మిత్రుడికి 30 ఏళ్లు వాటా ఇచ్చారు.

పియానో జంటకు ఆ వీలు లేదు. హంగరీ స్వరకర్త గ్యోర్గ్ కుర్తాగ్, ఆయన భార్య మార్తా కుర్తాగ్ 1947లో పెళ్లి చేసుకుని, ముసలితనం ముంచుకొచ్చాక కూడా కలిసి వాయించారు. పెద్ద కచేరీ పియానో కాదు, ఇళ్లలో గోడకు ఆనించి పెట్టుకునే నిటారు పియానో, అదీ నాదాన్ని మెత్తబరిచే పెడల్ తొక్కి. ఆయన రాసిన చిన్న చిన్న ‘యాటేకోక్’ ముక్కలు, వాటి మధ్య నాలుగు చేతులకు ఆయనే మలిచిన బాఖ్. వీడియోల్లో చూస్తే ఆమె చేయి ఆయన చేతి మీదుగా పోతుంది, ఆయన చేయి కిందినుంచి వస్తుంది, కాసేపటికి ఏ ముడతలు పడ్డ చేయి ఎవరిదో తెలియదు. మార్తా 2019లో పోయారు. ఆయన రాయడం ఆపలేదు. రాసినదాని మీద ఎవరి పేరైనా వేసుకోవచ్చు. సెకండో మాత్రం ఒక మనిషి వచ్చి పక్కన కూర్చుంటేనే మోగుతుంది.

ఆర్గెరిచ్ కూడా అలాంటి దెబ్బ తిన్నారు. కుర్రతనం నుంచి స్నేహితుడైన బ్రెజిల్ పియానిస్టు నెల్సన్ ఫ్రెయిరే 2021లో పోయారు. 2009లో సాల్జ్‌బర్గ్‌లో ఈ ఇద్దరూ వాయించిన రవెల్ ‘లా వాల్స్’ రికార్డు ఉంది, చివరి రెండు నిమిషాల్లో ఎవరు ఎవర్ని లాక్కుపోతున్నారో చెప్పడం కష్టం. అప్పటికే ఆమెకు ఇతర తోడులు బోలెడు. చిన్నప్పుడు ఒకే ఊళ్లో పెరిగిన పియానిస్టు బారెన్‌బోయిమ్‌తో 2014లో బెర్లిన్‌లో కె. 448నే వాయించారు. 2002 నుంచి 2016 దాకా స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఏటా తన పేర జరిగిన ఉత్సవానికి పేరున్నవాళ్లతో పాటు ఎవరికీ తెలియని కుర్రవాళ్లనూ పిలిచి, వాళ్లతో వాయించారు. ఆ రికార్డుల పెట్టెలు తిరగేస్తుంటే అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఆమె పేరు, లోపల చిన్న అక్షరాల్లో డజన్ల కొద్దీ పేర్లు. నేను వాటిలో ఆమె అసలు వాయించని ముక్కలు కూడా వింటాను. కొన్ని చాలా బాగుంటాయి.